లివర్ ఆపరేషన్‌కి నాలుగు బాటిళ్ల రక్తం తెమ్మన్నారు, ఒక్కటీ ఎక్కించలేదు, ఎందుకు?

పోయిన చలికాలంలో కళ్యాణదుర్గం వైపు నుంచి ఒకామె ఆపరేషన్‌కి వచ్చింది, గొర్రెలు మేపుకునే కుటుంబం, లివర్‌లో కుడిపక్క లోతుగా పెద్ద నీటి తిత్తి. ఆ తిత్తి ఒక పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉంది కాబట్టి తిత్తితో పాటు కొంత లివర్ కూడా తీయాల్సి వస్తుందని సర్జన్ ముందే చెప్పారు, నాలుగు బాటిళ్ల రక్తం రెడీగా పెట్టుకోమన్నారు. ఆపరేషన్ బాగా జరిగింది. బయటికొచ్చి ఆ మాట చెప్తే అందరూ దండం పెట్టారు గానీ కొడుకు మాత్రం నా వెనకాలే కారిడార్ చివరి దాకా వచ్చి అడిగాడు: "మేడమ్, నాలుగు బాటిళ్ల రగతం తెచ్చి పెడితిమి, నేనొకటి ఇచ్చినా, మా మామ ఒకటి ఇచ్చినాడు, ఊరోళ్లు ఇద్దరు ఇచ్చినారు. ఒకటన్నా ఎక్కిచ్చలేదంట. యాల మేడమ్, మర్సిపోయినారా?"

నేను మత్తు డాక్టర్ని. చదువు కర్నూలు మెడికల్ కాలేజీలో, ఉద్యోగం అనంతపురంలో. ఆ అబ్బాయికి అప్పుడు రెండు నిమిషాల్లో ఏదో చెప్పాను, తృప్తిగా చెప్పలేదని ఇంటికొచ్చాక కూడా అనిపిస్తూనే ఉండింది. లివర్ ఆపరేషన్ అనగానే మన దగ్గర అందరికీ ఒకటే భయం, రక్తం పోతుంది, మనిషి బల్ల మీదే పోతాడు అని. ఆ భయం ఉత్తది కాదు, ఒకప్పుడు నిజంగానే అట్లా జరిగేది. అది ఎట్లా మారింది, ఇప్పుడు థియేటర్‌లో లోపల ఏం చేస్తాం అనేది కొంచెం ఓపిగ్గా చదివితే అర్థమయ్యేదే, అందుకే రాస్తున్నా.

ముందు లివర్ అంటే ఏంటో చూద్దాం. ఆదివారం మటన్ షాపులో కార్జం తెచ్చి ఇంట్లో కోసినోళ్లకి నేను పెద్దగా చెప్పాల్సిన పని లేదు. కండ కోస్తే ముక్క గట్టిగా నిలబడుతుంది, కార్జం మాత్రం చాకు కింద జారుతుంది, ఎంత కడిగినా కోసిన చోటల్లా రక్తం ఊరుతూనే ఉంటుంది. అది కూడా చచ్చిన జీవానిది, గుండె కొట్టుకోనిది. మనిషిలో ఇది సుమారు ఒకటిన్నర కిలో ఉంటుంది, దాంట్లోకి నిమిషానికి దాదాపు ఒకటిన్నర లీటర్ రక్తం పోతుంది, అంటే గుండె నిమిషానికి కొట్టే రక్తంలో నాలుగో వంతు. మన ఒంట్లో మొత్తం ఉండేదే నాలుగైదు లీటర్లు. ఇంకో చిక్కేంటంటే లివర్‌కి రక్తం తెచ్చే దారులు రెండు. గుండె నుంచి వచ్చే ధమని ఒకటి, పేగులు, కడుపు, ప్లీహం వీటన్నిటి రక్తాన్ని కలుపుకొని వచ్చే పోర్టల్ వెయిన్ ఇంకోటి. ముప్పావు వంతు రక్తం ఈ రెండోదాంట్లోనే వస్తుంది. లోపల అంతా వడపోసుకొని పైన మూడు పెద్ద సిరల్లోంచి, హెపాటిక్ వెయిన్స్ అంటాం, గుండెకి పోయే పెద్ద సిరలో కలుస్తుంది.

ఇంత రక్తం తిరిగే అవయవానికి కుట్టు నిలవదు. చేతి మీద తెగితే దారం వేసి బిగిస్తే ఆగిపోతుంది, లివర్‌కి అట్లా బిగిస్తే దారమే లివర్‌ని కోసుకుంటూ పోతుంది, పండిన బొప్పాయిని దారంతో కట్టినట్టు. మామూలు చోట్ల నాళం తెగితే అది ముడుచుకుని కొంతవరకు తనకు తానే మూసుకుంటుంది, లివర్‌లో సిరలు చుట్టూ ఉన్న కండకి అతుక్కుని ఉంటాయి కాబట్టి తెగినా నోరు తెరుచుకునే ఉంటాయి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనికే వస్తాం.

అందుకే పాతకాలం సర్జన్లు లివర్ జోలికి పోవాలంటే వణికేవాళ్లు. 1888లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ అనే ఆయన (పిత్తాశయాన్ని మొట్టమొదట ఆపరేషన్ చేసి తీసింది కూడా ఆయనే, 1882లో) లివర్ ముక్క తీశాడు, కొన్ని గంటలకే లోపల రక్తం కారుతుంటే మళ్లీ కడుపు తెరవాల్సి వచ్చింది. పేషెంట్ బతికింది, అది అప్పట్లో పెద్ద విశేషం. 1963లో అమెరికాలో డెన్వర్‌లో థామస్ స్టార్జల్ మనిషికి మొదటిసారి లివర్ మార్పిడి చేయబోతే ఆ చిన్న బాబు రక్తం ఆగక బల్ల మీదే చనిపోయాడు. 1977లో ఫాస్టర్, బెర్మన్ అనే ఇద్దరు అమెరికా అంతా తిరిగి లెక్కలు తీస్తే లివర్ కోత జరిగిన ప్రతి 100 మందిలో దాదాపు 13 మంది చనిపోయారని తేలింది, పెద్ద కోతల్లో ఇంకా ఎక్కువ. ఈ రోజు రోజూ ఇదే పని చేసే పెద్ద సెంటర్లలో అది 5 లోపే ఉంటోంది. మధ్యలో వచ్చిన మార్పుల్లో రక్తం పోకుండా చూడ్డం నేర్చుకోవడమే నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది.

రక్తం ఆపాలంటే మొదట ఎవరికైనా తట్టేది, వచ్చే దారిని మూసేయడం. సుంకేసుల దగ్గర గేట్లు దించితే కేసీ కెనాల్‌లో కిందకి నీళ్లు తగ్గుతాయి కదా, అదే. లివర్ కిందపక్క ఆ రెండు దారులూ, పిత్తం బయటికి తీసుకుపోయే గొట్టమూ కలిసి ఒకే కట్టలాగా వస్తాయి, దాని వెనక వేలు పట్టేంత సందు ఉంటుంది. వెనకాల వేలు, ముందు బొటనవేలు పెట్టి నొక్కితే వచ్చే రక్తం మొత్తం ఆగిపోతుంది. దీన్ని 1908లో గ్లాస్గోలో జేమ్స్ హోగార్త్ ప్రింగిల్ అనే సర్జన్ రాశాడు, దెబ్బలు తగిలి లివర్ చిట్లిపోయి వచ్చినోళ్ల కోసం. ఆయన పేషెంట్లు ఎక్కువ మంది బతకలేదు గానీ పద్ధతి మాత్రం బతికింది, నూరేళ్లు దాటినా ఇప్పటికీ మేం "ప్రింగిల్" అనే పిలుస్తాం. ఇప్పుడు వేళ్లకి బదులు కట్ట చుట్టూ ఒక టేపు తిప్పి, దాన్ని చిన్న రబ్బర్ ట్యూబులోంచి లాగి పెట్టుకుంటారు, కావాలన్నప్పుడు బిగిస్తారు, వద్దన్నప్పుడు వదులుతారు. లివర్‌కి రక్తం లేకుండా ఎంతసేపైనా ఉంచలేం కాబట్టి సాధారణంగా 15 నిమిషాలు బిగించి 5 నిమిషాలు వదులుతారు. థియేటర్‌లో గడియారం చూస్తూ "పదమూడు అయింది సార్, పద్నాలుగు అయింది సార్" అని చెప్పే పని చాలాసార్లు నాదే. సిరోసిస్ వచ్చి గట్టిపడ్డ లివర్ అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి, దానికి ఓర్చుకునే శక్తి తక్కువ.

అయితే ప్రింగిల్ బిగించాక కూడా కోసిన చోట రక్తం వస్తూనే ఉంటుంది. నేను పీజీలో మొదటిసారి చూసినప్పుడు టేపు సరిగా బిగించలేదేమో అనుకున్నా. బాగానే బిగించారు, రక్తం వచ్చేది వెనక నుంచి.

కర్నూలోళ్లకి ఇది చెప్పడం తేలిక. 2009 అక్టోబర్ 2న ఊరు మునిగిన రోజు ఎవరూ మర్చిపోయి ఉండరు. పైన తుంగభద్ర, హంద్రీ పొంగినాయి, అది ఒక కారణం, దాంతో పాటు కింద శ్రీశైలం బ్యాక్ వాటర్ కూడా తోడై నీళ్లు పోయే దారి లేక ఊళ్లోకి ఎగదన్నినాయి. కిందుండే డ్యామ్ నిండి ఉంటే పైన వచ్చే నీళ్లు ఆగిపోయినా కూడా నీటిమట్టం దిగదు. లివర్ పైన ఉండే ఆ మూడు సిరలకి కాళ్ల సిరల్లో ఉన్నట్టు వాల్వులు ఉండవు, అంటే ఎదురు రాకుండా ఆపే తలుపులు లేవు. గుండె దగ్గర పెద్ద సిరలో ఒత్తిడి ఎక్కువుంటే ఆ రక్తం వెనక్కి తిరిగి లివర్‌లోకి వస్తుంది, తెగిన చోట బయటపడుతుంది. లివర్ ఆపరేషన్‌లో ఆపడానికి కష్టమైన రక్తం ఎక్కువగా ఇట్లా సిరల్లోంచి వచ్చేదే. కింద డ్యామ్ ఖాళీగా పెట్టుకోవాలి, అదొక్కటే మార్గం, ఆ డ్యామ్ తాళం చెవి సర్జన్ దగ్గర ఉండదు, మత్తు డాక్టర్ దగ్గర ఉంటుంది.

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే జనాలకి తెలియంది ఇదే. మత్తు డాక్టర్ అంటే సూది వేసి నిద్రపుచ్చి పక్కన కూర్చునేవాడు అనుకుంటారు. మాకు చదువుకునేటప్పుడు మొదట నేర్పేది కూడా, ఆపరేషన్‌లో రక్తం పోతుంటే సెలైన్ ధారగా వదలండి, బీపీ నిలబెట్టండి అని. లివర్‌లో అదే పని చేస్తే కొంప మునుగుతుంది. సెలైన్ ఎంత పోస్తే ఆ పెద్ద సిర అంత ఉబ్బుతుంది, లివర్ ఉబ్బుతుంది, కోసిన చోట ఇంకా కారుతుంది, ఇంకా కారుతుందని ఇంకా సెలైన్ పోస్తాం, ఇట్లా చక్రం తిరుగుతూ ఉంటుంది. 1990లలో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ ఆస్పత్రి వాళ్లు దీన్ని తిరగేశారు. లివర్ కోత పూర్తయ్యే దాకా డ్రిప్ చుక్క చుక్కగానే, ఆ సిరలో ఒత్తిడి, సీవీపీ అంటాం, 5 దాటనివ్వకుండా పెట్టి చూశారు, 1998లో వాళ్ల ఫలితాలు అచ్చయ్యాయి, రక్తం పోవడం బాగా తగ్గింది. అప్పటి నుంచి ప్రపంచమంతా దాదాపు ఇదే దారి.

ఎంత తేడా వస్తుందో తెలియాలంటే ఒక చిన్న లెక్క. గొట్టంలో నిమిషానికి పారే నీళ్లు దాని వ్యాసార్థానికి నాలుగో ఘాతంలో మారతాయి, అంటే గొట్టం సగానికి సన్నబడితే పారేది సగం అవ్వదు, పదహారో వంతు అవుతుంది. సిర పలచటి గోడ కాబట్టి ఒత్తిడి తగ్గితే అది కొంచెం కుంగుతుంది, ఆ కొంచెం కుంగడమే కారే రక్తాన్ని బాగా తగ్గించేస్తుంది. అందుకే 10 ఉన్న ఒత్తిడిని 4కి దించితే థియేటర్‌లో కళ్లకి కనిపించేంత తేడా వస్తుంది, సర్జన్ తల ఎత్తకుండానే "ఆ, ఇప్పుడు బాగుంది" అంటారు.

దీనికి మేం చేసేది డ్రిప్ తగ్గించడం ఒక్కటే కాదు. వెంటిలేటర్ ఊపిరి మరీ గట్టిగా కొట్టకుండా పెడతాం, ఎందుకంటే ఛాతీలో ఒత్తిడి పెరిగితే అది కూడా సిరలోకి పోతుంది. అవసరమైతే మూత్రం వచ్చే మందు, సిరల్ని వదులు చేసే నైట్రోగ్లిజరిన్ కొంచెం వాడతాం. బీపీ పడిపోతే సెలైన్‌తో కాకుండా నార్‌అడ్రినలిన్ సన్నటి ధారలో ఇచ్చి నిలబెడతాం. ఆ రెండు గంటలు మనిషి ఒంట్లో నీళ్లు తక్కువగా, ఆరినట్టు ఉంటుంది, మూత్రం తక్కువ వస్తుంది, కిడ్నీ దెబ్బతినకుండా చూసుకోవాలి. ఇందాక చెప్పా కదా, తెగిన సిర నోరు తెరుచుకునే ఉంటుందని, ఒత్తిడి మరీ తక్కువుంటే ఆ నోటిలోంచి రక్తం బయటికి రావడానికి బదులు గాలి లోపలికి పోవచ్చు, గుండెలోకి గాలి చేరితే నిమిషాల్లో ప్రాణం మీదకి వస్తుంది. మానిటర్ మీద ఊపిరిలో వచ్చే కార్బన్ డయాక్సైడ్ గీత ఉన్నట్టుండి పడిపోతే మాకు మొదటి అనుమానం అదే. వెంటనే సర్జన్ ఆ చోటు మీద సెలైన్ పోసి నొక్కి పెడతారు, మేం డ్రిప్ తెరుస్తాం, బల్ల తల వైపు కిందకి వంచుతాం. అందుకని ఈ ఆపరేషన్‌లో నేను కుర్చీలో కూర్చున్నట్టు కనిపించినా కన్ను ఆ గీత మీద నుంచి తీయను.

కోత అయిపోయాక పద్ధతి మొత్తం మారిపోతుంది. అప్పుడు డ్రిప్ వదులుతాం, ఒంట్లో లోటు పూడుస్తాం, సర్జన్ "ఒకసారి ఊపిరి పట్టండి" అంటే వెంటిలేటర్‌తో ఛాతీలో ఒత్తిడి కావాలనే పెంచుతాం, యాడన్నా దాక్కున్న చిన్న నాళం ఉంటే అప్పుడే కారి దొరికిపోతుంది. కుట్లు వేసి మూసేశాక రాత్రి పూట దొరికే కంటే అప్పుడు దొరకడం మేలు.

దీని మీదే ఈ మధ్య కెనడాలో ఒక పని చేశారు, మొదట వింటే నాకే వింతగా అనిపించింది. లివర్ కోయబోయే ముందు పేషెంట్ రక్తాన్ని కొంత, బరువులో ప్రతి కిలోకి 7 నుంచి 10 మిల్లీలీటర్లు, అంటే 60 కిలోల మనిషికి ఒక బాటిల్ పైచిలుకు, బ్లడ్ బ్యాగ్‌లోకి తీసి పక్కన పెట్టుకున్నారు, దాని బదులు సెలైన్ పోయలేదు. కోత అయ్యాక అదే రక్తం తిరిగి ఆయనకే ఎక్కించారు. నాలుగు ఆస్పత్రుల్లో 446 మంది మీద చీటీలేసినట్టు రెండు గుంపులు చేసి చూస్తే, వేరేవాళ్ల రక్తం ఎక్కించాల్సి వచ్చింది మామూలు గుంపులో 100కి 16 మందికి, ముందే రక్తం తీసిన గుంపులో 8 మందికి. సగానికి సగం. రక్తం తీసి రక్తాన్ని కాపాడటం! ఖర్చు ఒక బ్లడ్ బ్యాగ్ అంతే. మన దగ్గర ఇది చేయాలంటే ముందు ఇంట్లోవాళ్లకి బాగా చెప్పాలి, లేకపోతే "ఉండే రగతం కూడా తీసేస్తాండారు" అని గొడవ అవుతుంది, ఆ గొడవలో వాళ్ల తప్పేం ఉండదు, చెప్పకపోవడం మన తప్పు. ముందే రక్తం తక్కువున్న మనిషికి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఇది పనికిరాదు.

సర్జన్ వైపు సంగతి కూడా చెప్పాలి. బేతంచెర్లలో నాపరాయి తీసేవాళ్లని చూశారా, ఎక్కడ పడితే అక్కడ సుత్తి వేయరు, పొర ఎటు పోతుందో చూసి అక్కడ ఉలి పెడతారు, బండ శుభ్రంగా విడిపోతుంది. లివర్ బయటికి ఒకే ముద్దలా కనిపిస్తుంది గానీ లోపల దానికి కూడా ఇట్లాంటి హద్దులు ఉన్నాయి. 1957లో క్లాడ్ కుయినో అనే ఫ్రెంచ్ అనాటమీ ఆయన లివర్ లోపల 8 భాగాలు ఉన్నాయని, దేని రక్తం దారి దానికి వేరే ఉందని గీసి చూపించాడు. ఆ హద్దుల వెంట పోతే కోసే పెద్ద నాళాలు తక్కువ, అడ్డంగా పోతే ప్రతి అంగుళానికీ ఒకటి తగులుతుంది. తర్వాత జపాన్‌లో మసతోషి మకూచి లాంటివాళ్లు ఆపరేషన్ మధ్యలోనే లివర్ మీద అల్ట్రాసౌండ్ పెట్టి సిరలు ఎక్కడున్నాయో చూసుకుంటూ కోయడం నేర్పారు. ఇప్పుడు సీటీ స్కాన్‌లో ముందే అన్నీ కనిపిస్తాయి కాబట్టి మా సర్జన్ ముందు రోజు సాయంత్రం ఆ ఫిల్ములు చూస్తూ కూర్చునే అరగంట, మరుసటి రోజు రక్తం పోకుండా ఆపే పనిలో సగం అనిపిస్తుంది నాకు.

ఇక కోయడానికి వాడే సాధనాలు. శబ్ద తరంగాలతో లివర్ కండని మాత్రం నలగ్గొట్టి పీల్చేసి నాళాల్ని మిగిల్చే మెషిన్ ఉంది, నీటి ధారతో చేసేది ఉంది, వేడితో అతికించేవి, ఒకేసారి కుట్టి కోసే స్టేప్లర్లు, ఒక్కోటి లక్షల్లో. వియత్నాంలో టోన్ థట్ టుంగ్ అనే సర్జన్ ఇవేవీ లేని రోజుల్లో వేళ్లతోనే లివర్‌ని నలిపి, వేళ్లకి తగిలిన నాళాల్ని ఒక్కొక్కటే కట్టేవాడు. వేళ్లకి బదులు పట్టకారు లాంటి మామూలు క్లాంప్ వాడితే అదే పని ఇంకా నాజూగ్గా అవుతుంది. 2005లో స్విట్జర్లాండ్‌లో ఈ క్లాంప్ పద్ధతిని మూడు కొత్త మెషిన్లతో పోల్చి చూస్తే క్లాంప్‌దే పైచేయి, తొందరగా అయింది, రక్తం తక్కువ పోయింది, ఖర్చూ తక్కువ. మెషిన్లు పనికిరావని అనడం లేదు, లాప్రోస్కోపీలో అవి లేకుండా కుదరదు. కాకపోతే "ఆ మెషిన్ ఉండే ఆస్పత్రికే పోవాలి" అని అప్పు చేసి పరిగెత్తేవాళ్లకి చెప్తున్నా, మెషిన్ పేరు కంటే ఆ సర్జన్, ఆ మత్తు టీమ్ నెలకి ఇట్లాంటివి ఎన్ని చేస్తారు అని అడగండి. మన జిల్లాలవాళ్లు పెద్ద కేసులకి కర్నూలు నుంచి హైదరాబాద్, అనంతపురం నుంచి బెంగళూరు, కడప నుంచి తిరుపతో వేలూరో పోతుంటారు, పోయిన చోట కూడా ఇదే ప్రశ్న అడగొచ్చు.

మందులతో రక్తం ఆపలేమా అని చాలామంది అడుగుతారు. ట్రానెక్సామిక్ యాసిడ్ అని మంచి మందు ఉంది, 1960లలో జపాన్‌లో ఉటాకో ఒకమోటో అనే ఆవిడ, ఆమె భర్త కలిసి కనిపెట్టారు, కాన్పులో రక్తం పోతున్నప్పుడు, హైవే మీద యాక్సిడెంట్ అయినప్పుడు తొందరగా ఇస్తే ప్రాణాలు కాపాడుతుంది, నేనే ఎన్నోసార్లు ఇచ్చాను. కాబట్టి లివర్‌లో కూడా పనిచేస్తుందని అందరం అనుకున్నాం, నేనైతే అలవాటుగా ఇచ్చేదాన్ని. 2024లో కెనడా, అమెరికాల్లో 1200 మందికి పైగా పేషెంట్ల మీద చేసిన పెద్ద ట్రయల్ ఫలితం వచ్చింది: రక్తం పోవడం తగ్గలేదు, ఎక్కించాల్సిన అవసరం తగ్గలేదు, పైగా మందు ఇచ్చిన గుంపులో కాంప్లికేషన్లు కొంచెం ఎక్కువ. ఆలోచిస్తే అర్థమవుతుంది, వెనక నుంచి ఒత్తిడితో తన్నుకొచ్చే రక్తానికి గడ్డ కట్టే మందు ఏం చేస్తుంది, గేటు తెరిచి ఉంటే మట్టి వేసి గండి పూడ్చలేం కదా. ఆ పేపర్ చదివిన తర్వాత నేను లివర్ కోతలకి అలవాటుగా ఇవ్వడం మానేశా.

ఇట్లాంటిదే ప్లాస్మా సంగతి. తాగుడు వల్లో, హెపటైటిస్ బి వల్లో లివర్ గట్టిపడ్డవాళ్లకి రక్తం గడ్డకట్టే టెస్ట్, పీటీ అంటారు, ఎక్కువ చూపిస్తుంది, ప్లేట్‌లెట్లు తక్కువుంటాయి. రిపోర్ట్ చూడగానే ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి డాక్టర్లు కూడా "ప్లాస్మా ఎక్కించండి, నంబర్ సరి చేయండి" అంటారు. లివర్ గడ్డకట్టించే ప్రోటీన్లని మాత్రమే తయారు చేయదు, గడ్డ కట్టకుండా ఆపేవాటిని కూడా అదే తయారు చేస్తుంది. లివర్ పాడైతే రెండూ తగ్గుతాయి, త్రాసులో రెండు పళ్లేల్లోంచీ బరువు తీసినట్టు, ముల్లు దాదాపు మధ్యలోనే నిలబడుతుంది. పీటీ టెస్ట్ ఒక పళ్లేన్ని మాత్రమే చూస్తుంది. ఆ నంబర్ కోసం నాలుగు బ్యాగుల ప్లాస్మా పోస్తే ఒంట్లో నీళ్లు పెరిగి, సిరల్లో ఒత్తిడి పెరిగి, ఆగాల్సిన రక్తం ఇంకా కారుతుంది. కామెర్లు బాగా ముదిరి పిత్తం దారి మూసుకుపోయినవాళ్లది వేరే లెక్క, వాళ్లకి పేగులో విటమిన్ కె ఒంటికి పట్టదు, నాలుగు రోజులు విటమిన్ కె సూదులు వేస్తే చాలామందికి సరిపోతుంది. ఇంకొక మాట, కామెర్లకి పసరు తాగి వచ్చి, తాగలేదని చెప్తారు. తిట్టడానికి అడగం మేం, ఆ పసరులో ఏముందో, లివర్‌ని ఇంకెంత దెబ్బతీసిందో తెలియక రిస్క్ పెరుగుతుంది కాబట్టి అడుగుతాం. గుండెకి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే అది కూడా మొదటి రోజే చెప్పండి, ఏది ఎన్ని రోజుల ముందు ఆపాలో, ఏది ఆపకూడదో లెక్క ఉంటుంది.

సరే, రక్తం ఉంది కదా, ఎక్కిస్తే పోయేదేముంది అనొచ్చు. ఇంకొకరి రక్తం ఎక్కడం అంటే చిన్న అవయవ మార్పిడి లాంటిదే, రోగనిరోధక శక్తి కొంత మందగిస్తుంది, ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి, క్యాన్సర్ కోసం లివర్ తీసినవాళ్లలో రక్తం ఎక్కినవాళ్లకి జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించిందని చాలా రిపోర్టులు ఉన్నాయి. అక్కడ రక్తమే కారణమా, కష్టమైన కేసు కాబట్టే రక్తం ఎక్కించారా అనే వాదన ఇంకా నడుస్తోంది, ఆ వాదన ఎటు తేలినా అవసరం లేకుండా ఎక్కించడానికి కారణం మాత్రం దొరకదు. ప్రాణం మీదకి వస్తే క్షణం ఆలోచించం, ఎక్కిస్తాం, దానికే ఆ నాలుగు బాటిళ్లు.

నాకు బాధ కలిగించేది, ఆపరేషన్‌కి ముందు రోజు వచ్చే హిమోగ్లోబిన్ రిపోర్ట్. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది, మా వార్డులో చూస్తే ఆ మాట నమ్మడానికి సర్వే కూడా అక్కర్లేదు. శనక్కాయ చేలల్లో వంగి వంగి పని చేసి, ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తిని, 8 గ్రాములతో లివర్ ఆపరేషన్‌కి వస్తారు. 13 ఉన్న మనిషికి అర లీటర్ పోయినా ఏం ఎక్కించకుండా నెట్టుకురావచ్చు, 8 ఉన్నామెకి అదే అర లీటర్ పోతే ఎక్కించక తప్పదు. ఆపరేషన్ మూడు నాలుగు వారాల తర్వాత అని తెలిసిన రోజే ఐరన్ మొదలుపెడితే, మాత్రలు పడకపోతే సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తే, ఒక బాటిల్ అవసరం అక్కడే తప్పిపోతుంది. కళ్యాణదుర్గం ఆమెకి మేం చేసింది మొట్టమొదట ఇదే. 8.4తో వచ్చింది, తిత్తికి ఎట్లాగూ ముందు ఆల్బెండజోల్ మాత్రలు వాడాలి కాబట్టి ఆ వారాల్లోనే ఐరన్ ఎక్కించి 11 దాటాక బల్ల ఎక్కించాం.

ఆ తిత్తి గురించి కూడా ఒక మాట, మన జిల్లాలకి సంబంధించింది కాబట్టి. అనంతపురం అంటే గొర్రెలు, గొర్రెలుంటే కాపలా కుక్కలు. గొర్రెని కోసినప్పుడు కార్జంలో నీళ్ల బుడగలు కనిపిస్తే అది తినకుండా కుక్కకి వేస్తారు, దాంట్లో ఉన్న పురుగు కుక్క పేగులో పెరిగి గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లు మట్టితో, చేతులతో, కడగని కూరగాయలతో మన నోట్లోకి వచ్చి ఏళ్ల తరబడి లివర్‌లో తిత్తిగా ఊరుతాయి. ఆ బుడగల కార్జాన్ని కాల్చేసినా, కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చినా ఈ గొలుసు తెగిపోతుంది. ఈ తిత్తుల ఆపరేషన్‌లో రక్తం తగ్గించే ఉపాయం కూడా ఒకటుంది: చాలా కేసుల్లో తిత్తి చుట్టూ లివర్ కట్టుకున్న గట్టి గోడని అట్లాగే వదిలేసి లోపలిది మాత్రమే తీస్తారు, అప్పుడు లివర్‌లో కత్తే పడదు. ఆమెది సిరని ఆనుకుని ఉండబట్టి కోయాల్సి వచ్చింది.

ఆ రోజు లెక్క ఇది. ప్రింగిల్ రెండుసార్లు బిగించారు, 15 నిమిషాలు ఒకసారి, 11 నిమిషాలు ఒకసారి. సీవీపీ 3, 4 మధ్య నడిచింది. సక్షన్ బాటిల్‌లోంచి కడిగిన నీళ్లు తీసేసి, తడిసిన మాప్‌లు, అంటే రక్తం అద్దే గుడ్డలు, తూకం వేసి, ఒక గ్రాముకి ఒక మిల్లీలీటర్ లెక్కన కలిపితే పోయిన రక్తం 350 మిల్లీలీటర్లు. అంటే ఆ అబ్బాయి బ్లడ్ బ్యాంక్‌లో కూర్చుని ఇచ్చిన ఒక బాటిల్ అంత.

మూడో రోజు రౌండ్స్‌కి పోయినప్పుడు వాళ్లమ్మ లేచి కూర్చుని గంజి తాగుతోంది, నన్ను చూసి అబ్బాయి లేచాడు. "అయితే మేము ఇచ్చినేది ఏమైనట్టు మేడమ్?" అన్నాడు. బ్లడ్ బ్యాంక్‌కి ఫోన్ చేసి కనుక్కుని చెప్పాను, మీ అమ్మ పేరు మీద ఆపి పెట్టిన నాలుగూ నిన్న పొద్దున వదిలేశారు, రెండు ఇంకా ఫ్రిజ్‌లోనే ఉన్నాయి, రెండు రాత్రి కాన్పు వార్డుకి పోయినాయి అని. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆయమ్మ బాగుండాదా?" అని అడిగాడు. బాగుంది అని చెప్పాను.